లక్ష్మణకుమారుడి ఉత్తరం

పిల్లలూ, ఇంగ్లీషు పాఠం ఒకటి చెప్పి, దాని కింద "ఈ పాఠం చదివాక మీకు ఏమనిపించింది? మీ సొంత మాటల్లో రాయండి" అని ప్రశ్న ఇస్తే మీరేం చేస్తారు? నిజం చెప్పండి. గైడు తెరుస్తారు, అవునా? మీ సొంత మాటలను ఎవరో ముందే అచ్చువేసి అమ్ముతూ ఉంటారు. మీరు వాటిని కొనుక్కుని నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకుంటారు. నేను ముప్ఫై ఏళ్లకు పైగా హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పాను. చివర్లో హెడ్మాస్టరు పని కూడా చేశాను. కాబట్టి నా దగ్గర దాచాలని చూడకండి.

ఉద్యోగం నుంచి విరమించుకున్నాక నేను హైదరాబాదులో మధురానగర్‌లో ఉంటున్నాను. సినిమా వాళ్లుండే జూబిలీహిల్సూ ఫిల్మ్‌నగరూ ఇక్కడికి దగ్గరే. సారథీ స్టూడియో అయితే మరీ దగ్గర. తెలుగు సినిమాలన్నీ మద్రాసులో తయారయ్యే రోజుల్లో హైదరాబాదులో వెలిసిన స్టూడియో అది. 1959లో వచ్చిన "మా ఇంటి మహాలక్ష్మి" పూర్తిగా హైదరాబాదులోనే తీసిన మొదటి తెలుగు సినిమా అని చెబుతారు. అందుచేత మా వీధి పిల్లలకు సినిమా సంగతులు బాగా తెలుసు. పాఠాల సంగతి మాత్రం సాయంత్రం పూట నన్ను అడగటానికి వస్తూ ఉంటారు.

కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం మా ఎదురింటి అమ్మాయి వచ్చింది. పదో తరగతి. చేతిలో ఇంగ్లీషు వాచకం ఉంది, దాని కింద గైడు ఉంది.

"తాతగారూ, మాయాబజార్ పాఠం అయిపోయింది. మాకు నచ్చిన సినిమా గురించి రాసుకు రమ్మన్నారు టీచర్. నేను మాయాబజార్ గురించే రాశాను. స్పెల్లింగులు చూసిపెట్టరూ?" అన్నది.

2014లో వచ్చిన పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో సినిమాలూ నాటకాలూ అని ఒక భాగం ఉన్నది. అందులో సత్యజిత్ రాయ్ గురించి ఒక పాఠం, మన "మాయాబజార్" సినిమా గురించి ఒక సమీక్ష పాఠం ఉన్నాయి. మేము చదువుకునే రోజుల్లో ఇంగ్లీషు వాచకంలో ఘటోత్కచుడు కనిపిస్తాడని ఎవరైనా చెబితే నమ్మేవాళ్లం కాదు!

అమ్మాయి రాసింది చదివాను. ఒక్క తప్పు లేదు. ఆ సినిమా ఒక అజరామరమైన కళాఖండమనీ, నటీనటులు తమ పాత్రలకు ప్రాణం పోశారనీ, చిన్నా పెద్దా అందరూ చూడదగినదనీ ఉన్నది. అలాటి వాక్యాలు ఏ సినిమాకైనా సరిపోతాయి. పైన పేరు మారిస్తే చాలు.

"సినిమా చూశావా, అమ్మా?" అని అడిగాను.

"టీవీలో అక్కడక్కడా చూశాను. పెళ్లి భోజనం పాట తెలుసు."

"మరి నీకు నచ్చిన సినిమా అని రాశావే?"

అమ్మాయి నవ్వి ఊరుకున్నది. నేను ఆమెకు వెంకటేశం కథ చెప్పాను. మీకూ చెబుతాను.

గురజాడ అప్పారావుగారు "కన్యాశుల్కం" అనే నాటకం రాశారు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. తరవాత ఆయన దాన్ని బాగా పెంచి, మార్చి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. ఆ నాటకంలో వెంకటేశం అనే కుర్రవాడు పరీక్ష తప్పుతాడు. ఇంటికి వెళితే తండ్రి తంతాడని భయం. గిరీశం అనే మాటకారి, తాను చదువు చెప్పే మేష్టరునని చెప్పి వాడితో కూడా పల్లెకు వెళతాడు. వెంకటేశం తల్లి పాపం చాలా మంచిది. కొడుకు ఎంత ఇంగ్లీషు నేర్చాడో వినాలని ఆమెకు సరదా. మీరిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకోండి బాబూ అని అడుగుతుంది.

ఇక చూడండి తమాషా. గిరీశం చిన్నపిల్లలు పాడే నక్షత్రం పాట ఒక ముక్క వదులుతాడు. దానికి వెంకటేశం తన వాచకంలోని వాక్యం ఒకటి జవాబుగా చెబుతాడు. గిరీశం ఇంకో పద్యం ముక్క అంటాడు. వెంకటేశం జామెట్రీ సిద్ధాంతం ఒకటి అప్పజెబుతాడు. గిరీశం మిల్టన్ మహాకవి కావ్యం మొదటి మాటలు ఎత్తుకుని మధ్యలో మామిడిచెట్టు తగిలిస్తాడు. వెంకటేశం వ్యాకరణ సూత్రం చదువుతాడు. ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ ఏ సంబంధమూ లేదు. ఆ తల్లి మాత్రం తన కొడుకు దొరల్లా మాట్లాడుతున్నాడని మురిసిపోతుంది.

అది చదివి ఎంత నవ్వుకుంటామో చెప్పలేను. కాని ఒక సంగతి గమనించారా? వెంకటేశం చెప్పినవాటిలో ఒక్కటీ తప్పు ఇంగ్లీషు కాదు. ప్రతి ముక్కా పుస్తకంలో ఉన్నదే. వాడి ముక్క ఒక్కటీ లేదు, అంతే.

"అయితే నేను వెంకటేశాన్నా?" అన్నది అమ్మాయి, కొంచెం కోపంగా.

"నువ్వు కావు. నీ గైడు రాసినాయన గిరీశం," అన్నాను.

ఇంత బాగా వెక్కిరించిన గురజాడవారు తాను బడిలో, కాలేజీలో ఉన్నప్పుడు ఏం చేశారో తెలిస్తే మీకు ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది. ఆయన 1862లో పుట్టారు. విజయనగరంలో చదువుకుని 1882లో మెట్రిక్యులేషను ప్యాసయ్యారు. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. అప్పటి చదువంతా ఇంగ్లీషులోనే. ఇంగ్లీషు కవుల పద్యాలు బట్టీ వెయ్యటం, వాటికి పదవిభాగం చేసి అర్థం రాయటం, ఇదే సాహిత్యం చదవటమంటే.

అప్పారావుగారు అంతటితో ఆగలేదు. మన సారంగధరుడి కథ ఉన్నది కదా, రాజమహేంద్రవరపు రాజకుమారుడు, సవతితల్లి వేసిన నిందకు కాలూ చెయ్యీ పోగొట్టుకున్నవాడు, ఆ కథను తీసుకుని 1883లో ఇంగ్లీషులో కావ్యం రాశారు. విజయనగరం నుంచి వెలువడే "ఇండియన్ లీజర్ అవర్" అనే పత్రికలో అది అచ్చయింది. అప్పటికి ఆయన ఇంకా విద్యార్థే. చదివిన ఇంగ్లీషు కావ్యాలకు ఆయన రాసిన జవాబు అదే అనుకోవచ్చు. "మీరు మీ కథలు ఇలా చెప్పారు, మా ఊళ్లో ఒక కథ ఉన్నది, వినండి" అన్నట్టు.

ఆ కావ్యం కలకత్తా దాకా వెళ్లింది. అక్కడ "రీస్ అండ్ రయ్యత్" అనే పత్రికకు శంభుచంద్ర ముఖర్జీగారు సంపాదకులు. ఆయన దాన్ని మెచ్చుకుని తన పత్రికలో మళ్లీ ప్రచురించారు. మెచ్చుకోవటంతోబాటు ఒక సలహా కూడా ఇచ్చారు. పరభాషలో ఎంత రాసినా నీకు రావలసిన పేరు రాదు, నీ తల్లిభాషలో రాయి అని ఆ సలహా సారాంశం. తరవాత ఏం జరిగిందో మీకు తెలుసు. "కన్యాశుల్కం" తెలుగులోనే వచ్చింది.

ఇందులో నాకు బాగా నచ్చేది ఆ సంపాదకుడి తీరు. ఎక్కడో విజయనగరంలో ఒక విద్యార్థి రాసినదాన్ని ఆయన పూర్తిగా చదివాడు. చదివినవాడు కాబట్టే అంత మంచి సలహా ఇవ్వగలిగాడు. తప్పులు మాత్రమే వెతికి ఉంటే ఆ సలహా తట్టేది కాదు. ఈ మాట ముఖ్యంగా నా వంటి మేష్టర్లకు చెబుతున్నాను. పెద్దవాళ్లు కూడా దొంగచాటుగా మీ పత్రిక చదువుతారని నాకు తెలుసు.

మా ఎదురింటి అమ్మాయి ఇదంతా విని, "అవన్నీ గురజాడగారి వంటివాళ్లకు, తాతగారూ. మాకు మార్కులు కావాలి. అమ్మ కూడా గైడులో ఉన్నట్టు రాస్తేనే మార్కులు పడతాయంటున్నది," అన్నది.

వాళ్ల అమ్మ మాటను తేలిగ్గా తీసెయ్యటానికి లేదు. ఆమె అనుభవం ఆమెది. ఆ వాచకంతోబాటు పరీక్షల పద్ధతి కూడా మార్చి, బయటి పరీక్షకు 80 మార్కులు, బడిలో వేసేవి 20 మార్కులు అన్నారు. పాఠంలోని పాత్ర తన డైరీలో ఏం రాసుకుని ఉంటుంది, ఎవరికైనా ఉత్తరం రాస్తే ఎలా రాస్తుంది, ఇద్దరు ఎలా మాట్లాడుకుని ఉంటారు, ఇలాటి ప్రశ్నలు వచ్చాయి. చాలా మంచి ప్రశ్నలు. కాని ఏడాది తిరక్కుండానే వాటికి కూడా గైడుల్లో జవాబులు వచ్చాయి! రాష్ట్రమంతటా ఒకే పాత్ర ఒకే డైరీని వేలమంది పిల్లల చేత రాయించుకున్నది. మరి ఇందులో పిల్లల తప్పు ఎంత, మేష్టర్ల తప్పు ఎంత?

మేష్టర్ల తప్పు గురించి నాకు బాగా తెలుసు. ఎందుకంటే అలాటి తప్పు నేను చేశాను.

అది 1991 ప్రాంతం. నేను కరీంనగర్ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఒకరోజు పాఠాల మధ్య తీరిక దొరికి, ఆస్కార్ వైల్డ్ 1888లో ప్రచురించిన ఒక కథ చెప్పాను. ఒక పట్నంలో రాజకుమారుడి విగ్రహం ఉంటుంది. ఒళ్లంతా బంగారు రేకు, కళ్లు నీలాలు, కత్తిపిడికి కెంపు. చలికాలం వస్తున్నదని ఈజిప్టుకు వెళ్లిపోతున్న వానకోయిల ఒకటి ఆ విగ్రహం కాళ్ల దగ్గర ఆగుతుంది. పట్నంలోని పేదల బాధ చూడలేక రాజకుమారుడు ఆ పక్షిని బతిమాలి, ఒక రాత్రి, ఇంకొక రాత్రి అంటూ ఆపి, తన కెంపూ నీలాలూ బంగారమూ ఒక్కొక్కటే పేదలకు పంపిస్తాడు. చివరకు పక్షి చలికి తట్టుకోలేక అతని కాళ్ల దగ్గరే చచ్చిపోతుంది. సీసంతో చేసిన అతని గుండె పగిలిపోతుంది.

కథ గురించి రాయమన్నాను. త్యాగం గొప్పది అని అందరూ రాశారు. నేను బోర్డు మీద రాసిందీ అదే. ఒక కుర్రవాడు మాత్రం వచ్చీ రాని ఇంగ్లీషులో వేరుగా రాశాడు. రాజకుమారుడు మంచివాడే కాని, తనది కాని ప్రాణాన్ని దానం చేశాడు. ఈజిప్టులో పక్షి స్నేహితులు ఎదురుచూస్తూ ఉంటారు, వాళ్లకు కబురు ఎవరు చెబుతారు అని. నేను ఎర్ర సిరాతో ఆ పేరా మొత్తం కొట్టేసి, పక్కన "అప్రస్తుతం" అని రాసి పదికి రెండు వేశాను.

కొన్ని నెలల తరవాత కుర్రవాడి తల్లి బడికి వచ్చింది. "సారూ, పిలగాని నాయిన దుబాయిల ఉన్నడు. నాలుగేండ్లాయె. వచ్చే నెల వస్తున్నడట. రెండు రోజులు సెలవియ్యుండ్రి," అన్నది. అప్పుడు నాకు ఆ పేరా గుర్తుకు వచ్చింది. ఇంటికి పోయి ఆ కథ మళ్లీ తీసి చదివాను. ఈజిప్టులో నా కోసం ఎదురుచూస్తున్నారని ఆ పక్షి ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చెబుతుంది. నేను అన్నిసార్లు పాఠం చెప్పి కూడా దాన్ని వినలేదు. ఆ కుర్రవాడు విన్నాడు. ఎదురుచూడటం ఎలా ఉంటుందో వాడికి తెలుసు గనక విన్నాడు. కథలో ఉన్నదాన్నే పట్టుకున్న వాడి జవాబు అప్రస్తుతం ఎలా అవుతుంది? ఆ మార్కుల తరవాత వాడు ఇంకెప్పుడూ సొంతంగా రాయలేదు. నా నోట్సు వల్లించి, పదికి ఏడు చొప్పున తెచ్చుకుంటూ బడి దాటిపోయాడు. ఆ ఏడులన్నీ నా చేత్తోనే వేశాను.

సరే, మళ్లీ మధురానగర్‌కు వద్దాం.

"ముందు సినిమా చూద్దాం," అన్నాను. ఆదివారం నాడు అమ్మాయీ, వాళ్ల అమ్మా, నేనూ కూర్చుని చూశాం. "మాయాబజార్" 1957 మార్చి 27న విడుదలైంది. విజయావారు తీశారు, కె. వి. రెడ్డిగారు దర్శకులు. మాటలు రాసింది పింగళి నాగేంద్రరావుగారు. 2010లో దానికి రంగులు వేసి మళ్లీ విడుదల చేశారు. నేను మాత్రం నలుపు తెలుపులోనే చూడాలని పట్టుబట్టాను. అది నా చాదస్తం అనుకోండి. మూడు గంటలకు పైగా సాగే సినిమా. మధ్యలో వాళ్ల అమ్మ లేచి పకోడీలు వేసింది.

చూసేటప్పుడు కాగితం, పెన్సిలు ముట్టుకోవద్దని చెప్పాను. అయిపోయాక, "నీ మనస్సు ఎక్కడ ఆగింది?" అని ఒక్క ప్రశ్న అడిగాను. ఎక్కడ బాగుంది అని అడగలేదు. బాగుంది అనే మాటతో జవాబు ముగిసిపోతుంది. మనస్సు ఎక్కడ ఆగింది, ఎక్కడ గుచ్చుకుంది, ఎక్కడ అర్థం కాలేదు అంటే, అక్కడినుంచి జవాబు మొదలవుతుంది.

అమ్మాయి ఆలోచించి, "పాండవుల కథ కదా, ఒక్క పాండవుడూ కనిపించలేదేం?" అన్నది. నాకు ఎంత సంతోషం కలిగిందో! నిజమే, ఆ సినిమాలో పాండవులు తెర మీదికి రారు. వాళ్ల కొడుకులే వస్తారు. చాలామంది ఎన్నోసార్లు చూసి కూడా ఈ సంగతి గమనించరు.

ఇంకాసేపు ఆగి, "లక్ష్మణకుమారుణ్ని చూస్తే పాపం అనిపించింది," అన్నది.

లక్ష్మణకుమారుడు దుర్యోధనుడి కొడుకు. ఆ వేషం రేలంగి వేశాడు. శశిరేఖను అతనికి ఇచ్చి పెళ్లి చెయ్యాలని పెద్దలు నిశ్చయిస్తారు. శశిరేఖకు ఇష్టం అభిమన్యుడు. అందుకని ఘటోత్కచుడు తానే శశిరేఖ రూపం ధరించి పెళ్లిపీటల దాకా వచ్చి లక్ష్మణకుమారుణ్ని హడలగొడతాడు. మనమంతా పగలబడి నవ్వుతాం.

"అందరూ అతన్ని చూసి నవ్వుతారు. సొంతవాళ్లు కూడా. అతని పక్షాన ఒక్కరూ మాట్లాడరు," అన్నది అమ్మాయి. "అతను తండ్రికి ఉత్తరం రాస్తే ఎలా ఉంటుంది?"

వాళ్ల అమ్మ, "ఆ నవ్వులాటవాడి గురించి ఎవరైనా రాస్తారా?" అన్నది. నేను మాట్లాడలేదు. అమ్మాయి అప్పటికే కాగితం కోసం లేచింది.

మర్నాడు ఉత్తరం తెచ్చింది. ఒక పేజీ. లక్ష్మణకుమారుడు ఇంగ్లీషులో తండ్రితో మొర పెట్టుకుంటున్నాడు: నాన్నగారూ, నాకు ఈ పెళ్లి ఇష్టం లేదు, మీరూ శకుని తాతగారూ కలిసి నన్ను బలవంతాన పీటల మీద కూర్చోబెట్టారు అని.

"బాగుంది. కాని అతనికి పెళ్లి ఇష్టం లేదని నీకు ఎవరు చెప్పారు?" అన్నాను.

"నాకు అలా అనిపించింది. మీరే కదా, అనిపించింది రాయమన్నారు!"

పిల్లలూ, ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. ఆ సినిమాలోనే ఒక మాయపెట్టె ఉన్నది, ప్రియదర్శిని. దాన్ని తెరిచి చూస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనబడుతుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు కనిపించాడు. ఆమె తల్లి చూస్తే నగలు కనిపించాయి. పుస్తకాన్ని అలా చదవటానికి వీల్లేదు. మనకు ఇష్టమైనదే చూసుకుంటే ఆ పుస్తకం దేనికి? అద్దం చాలు. గైడు చూసి రాసినవాడు తనను వదిలేస్తాడు, తోచిందల్లా రాసినవాడు పుస్తకాన్ని వదిలేస్తాడు. అమెరికాలో లూయీజ్ రోజెన్‌బ్లాట్ అనే అధ్యాపకురాలు 1938లో ఈ విషయం మీద ఒక పెద్ద పుస్తకమే రాసింది. కవిత్వం కాగితం మీద మాత్రమే ఉండదు, చదివేవాడి బుర్రలో మాత్రమే ఉండదు, రెండూ కలిసినప్పుడు పుడుతుంది అని ఆమె వాదం. పాలూ తోడూ కలిస్తేనే పెరుగు అయినట్టు అని నేను అమ్మాయికి చెప్పాను.

అందుచేత ఇద్దరం సినిమాను వెనక్కి తిప్పి ఆ ఘట్టాలు మళ్లీ చూశాం. లక్ష్మణకుమారుడికి పెళ్లి ఇష్టం లేకపోవటమా! అతను పెళ్లికొడుకు వేషంలో మురిసిపోతూ, ముస్తాబు చేసుకుంటూ తెగ సంబరపడుతూ ఉంటాడు. అమ్మాయి ముఖం చిన్నబోయింది.

"అయితే నా ఉత్తరం తప్పేనా?"

"ఆ మాట తప్పు. అతన్ని చూసి నీకు జాలి కలిగింది, అది తప్పు కాదు. ఇప్పుడు చెప్పు, ఇష్టపడి పీటల మీద కూర్చున్నవాడికి అలా జరిగితే బాధ ఎక్కువా, తక్కువా?"

అమ్మాయి ఒక్క నిమిషం నా ముఖం చూసి కాగితం లాక్కున్నది.

తప్పు చదివామని సిగ్గుపడనక్కర్లేదని కూడా ఆమెకు చెప్పాను. ఐ. ఎ. రిచర్డ్స్ అనే ఆచార్యుడు ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఒక తమాషా చేశాడు. పద్యాలు అచ్చువేసిన కాగితాలు విద్యార్థులకు ఇచ్చాడు. కవి పేరు వెయ్యలేదు. మీకు ఏమనిపించిందో రాసుకు రండి అన్నాడు. అలా 13 పద్యాల మీద వచ్చిన జవాబులు చూపిస్తూ 1929లో పుస్తకం వేశాడు. చదివితే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. కవి పేరు తెలియకపోయేసరికి అంత చదువుకున్నవాళ్లు కూడా మంచి పద్యాన్ని చెడ్డదన్నారు, సామాన్యమైనదాన్ని ఆకాశానికి ఎత్తారు. కొందరు పద్యంలో ఉన్న అర్థం కూడా సరిగ్గా పట్టలేకపోయారు. రిచర్డ్స్ వాళ్లను వెక్కిరించలేదు. ఎక్కడ దారి తప్పుతున్నారో ఆ రాతల వల్లనే తెలిసిందన్నాడు. వాళ్లు కూడా గైడు చూసి రాసి ఉంటే ఆయనకు ఏమీ తెలిసేది కాదు కదా!

రెండో ఉత్తరం రాసేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. వరసలు! ఘటోత్కచుణ్ని లక్ష్మణకుమారుడు ఏమని పిలవాలి? దుర్యోధనుడూ భీముడూ అన్నదమ్ముల పిల్లలు. కాబట్టి వాళ్ల కొడుకులు కూడా అన్నదమ్ముల వరస.

"అంటే తనను ఏడిపించింది అన్నయ్యేనా!" అన్నది అమ్మాయి. ఈ సంగతి ఆమెకు అంతవరకూ తట్టలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తట్టలేదు. ఇంగ్లీషులో "కజిన్" అని ఒకటే మాట ఉన్నది. అన్నయ్యా, తమ్ముడూ, బావా, మరదలూ, అందరూ కజిన్లే. "కజిన్ నన్ను ఏడిపించాడు" అంటే ఇంగ్లీషువాడికి బాధ కలగదు. "అన్నయ్య ఏడిపించాడు" అంటేనే మనకు గుచ్చుకుంటుంది. ఏం చెయ్యాలి? అమ్మాయి చాలాసేపు పెన్ను కొరికి, అన్నయ్య అనే మాటనే ఇంగ్లీషు అక్షరాలతో రాసేసింది. మాయాబజార్‌లో రాక్షసుల నోట కొత్త మాటలు దొర్లితే ఘటోత్కచుడు మెచ్చుకుంటాడు కదా. ఘటోత్కచుడి గురించి రాస్తూ ఆ మాత్రం స్వాతంత్ర్యం తీసుకుంటే తప్పు లేదనిపించి నేనూ ఊరుకున్నాను.

ఇక స్పెల్లింగులు. ఆ ఉత్తరంలో తొమ్మిది తప్పులు ఉన్నాయి. భూతకాలం రావలసిన చోట వర్తమానం వచ్చింది. నా చెయ్యి ఎర్ర పెన్ను కోసం దానంతట అదే జేబులోకి పోయింది. ముప్ఫై ఏళ్ల అలవాటు మరి! పెన్ను తీశాను, మూత పెట్టేశాను. ముందు ఉత్తరం మొత్తం పైకి చదివాను. నేను చదువుతూ ఉంటే అమ్మాయి తానే, "అయ్యో, అక్కడ తప్పు, అక్కడ తప్పు," అంటూ ఆరు దిద్దుకున్నది. మిగిలిన మూడు నేను చెప్పాను. తన మాట తాను చెప్పదలుచుకున్నవాళ్లకు వ్యాకరణం మీద ఎక్కడలేని శ్రద్ధ కలుగుతుంది. ఇది నేను బడిలో ఉండగా కనిపెట్టి ఉంటే ఎంత బాగుండేది!

చివరకు ఆ ఉత్తరంలో ఉన్నదేమిటంటే: నాన్నగారూ, నేను మంచి బట్టలు కట్టుకుని, అందరికన్నా సంతోషంగా పీటల మీద కూర్చున్నాను. పందిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నన్ను ఏడిపించింది అన్నయ్యేనని తరవాత తెలిసింది. మీకూ చినతాతగారి పిల్లలకూ ఉన్న తగవులో నేను ఎప్పుడు చేరాను? ఇంటికి వచ్చాక మీరు శశిరేఖ గురించి మాట్లాడారు, బలరాముడి గురించి మాట్లాడారు, అవమానం గురించి మాట్లాడారు. నాతో మాత్రం మాట్లాడలేదు.

వాళ్ల అమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివి ఏమీ అనకుండా ఇచ్చేసింది. గైడు మాట ఎత్తలేదు. అలాగని మార్కుల మీద ఆమె బెంగ తీరిందనీ చెప్పలేను.

అమ్మాయి ఆ ఉత్తరాన్ని బడిలో ఇచ్చింది. రెండు రోజుల తరవాత సాయంత్రం పరుగెత్తుకుంటూ వచ్చి నా బల్ల మీద పెట్టింది. మార్కు కోసం వెతికాను. పైన ఎక్కడో చిన్నగా అయిదుకు నాలుగు అని ఉన్నది. అమ్మాయి దాని సంగతే చెప్పలేదు. వేలుతో అడుగున చూపించింది. అక్కడ వాళ్ల టీచరు పెన్సిలుతో ఒక ప్రశ్న రాసింది:

"ఇదంతా తండ్రికి ఎందుకు రాశాడు? తల్లికి ఎందుకు రాయలేదు?"

"లక్ష్మణకుమారుడి తల్లి ఎవరు, తాతగారూ? ఆవిడ గురించి ఎక్కడ ఉంటుంది?" అన్నది అమ్మాయి. అప్పటికే తెల్ల కాగితాలు వెంట తెచ్చుకున్నది. భారతం తియ్యటానికి నేను బీరువా దగ్గరికి లేచాను.